అమ్మ చదవలేని మెనూ కార్డు

పోయిన సంక్రాంతికి డాలస్ నుంచి పాలకొల్లు వెళ్ళినప్పుడు, దిగిన రెండో రోజే అందరం కలిసి బయట భోజనానికి వెళ్ళాం. ఊళ్ళో కొత్తగా పెట్టిన ఏసీ రెస్టారెంటు. అమ్మ, నాన్నగారు, తమ్ముడు, మరదలు, వాళ్ళ బాబు, మా వారు, పాప, నేను, మొత్తం ఎనిమిది మందిమి. అమ్మ పట్టుచీర కట్టుకుంది. కూతురూ అల్లుడూ తీసుకెళ్తున్నారని పక్కింటి పిన్నిగారితో చెప్పి మరీ బయలుదేరింది.

కూర్చోగానే తలో మెనూ కార్డు ఇచ్చారు. దళసరి అట్ట, పది పేజీలు, రంగు బొమ్మలు. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఇంగ్లీషు. అమ్మ ఎనిమిదో తరగతి వరకు చదువుకుంది. వారపత్రికలు ఇంటికి వచ్చినన్నాళ్ళూ ఒక్క సీరియల్ వదల్లేదు. ఇప్పటికీ పేపరు మొదటి పేజీ నుంచి జిల్లా పేజీ దాకా చదివితే గానీ పొయ్యి వెలిగించదు. అలాంటి మనిషికి ఆ కార్డులో తెలిసినవి అంకెలు మాత్రమే. కళ్ళజోడు పెట్టుకుని, కుడివైపు వరస మీద వేలు పెట్టి, పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చింది. పేజీ తిప్పింది. ఇంకోటి తిప్పింది. ఒకచోట వేలు ఆపి, "నాకు ఇది చాలమ్మా" అంది. అన్నిటికంటే తక్కువ రేటు ఉన్నది చూసుకుంది. ఏమిటా అని చూస్తే, కాల్చిన అప్పడం.

"అప్పడం ఒక్కటే తింటావా అమ్మా?" అన్నాను. కార్డు మూసి నా వైపు జరిపేసింది. "నాకేదైనా ఫర్వాలేదు, నువ్వే చెప్పు" అంది. చెప్పాను. నాన్, పనీర్ కూర. ఒక ముక్క తుంచుకుని పక్కన పెట్టి, చివరికి కాస్త పెరుగన్నం తిని లేచింది. ఆ రాత్రి పది దాటాక వంటింట్లో చప్పుడైతే వెళ్ళి చూశాను. గిన్నెలో మిగిలిన అన్నంలో ఆవకాయ కలుపుకుని, నిలబడి తింటోంది.

నాకు ఆ దృశ్యం ఇప్పటికీ కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. అమెరికాలో ఉంటున్న మనం ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి ఊరికి వెళ్తాం. అమ్మానాన్నల్ని మంచి హోటల్‌కి తీసుకెళ్ళాలని ముచ్చటపడతాం. వాళ్ళూ సంతోషంగానే వస్తారు. తీరా అక్కడ కూర్చున్నాక, తన ఊళ్ళో, తన డెబ్బై ఏళ్ళ వయసులో, ఏం తినాలో తను చెప్పుకోలేని స్థితిలో అమ్మ ఉంటుంది. ఇది నాకు చాలా తప్పుగా అనిపిస్తోంది. పాలకొల్లులో, భీమవరంలో, అమలాపురంలో, రాజమండ్రిలో మెనూ కార్డు మీద తెలుగు ఉండి తీరాలి. ఇంగ్లీషు తీసేయమని అనడం లేదు. పక్కనే తెలుగు కూడా వేయండి అంటున్నాను.

రెండు రోజుల తర్వాత అంతర్వేది వెళ్ళాం. చించినాడ వంతెన మీద వశిష్ఠ దాటి, కొబ్బరితోటల మధ్య నుంచి వెళ్ళి, లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకుని తిరిగి వస్తుంటే రాజోలు చేరేసరికి ఒంటిగంటన్నర అయింది. నాన్నగారికి తెలిసిన భోజన హోటల్ ఒకటుంది, అక్కడ ఆగుదామన్నారు. రేకుల కప్పు, బల్లలు, అరిటాకులు. మెనూ కార్డు లేదు. కుర్రాడు ఒకడు గరిటెల బకెట్టు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"ముద్దపప్పు, కంద బచ్చలి, దొండకాయ వేపుడు, కొబ్బరి పచ్చడి, దప్పళం, చారు, పెరుగండి" అన్నాడు ఒక్క గుక్కలో.

"కందలో ఆవ పెట్టారా బాబూ?" అని అడిగింది అమ్మ.

"ఆయ్, పెట్టామండి. పెట్టకపోతే ఊరుకుంటారాండి."

"అయితే కంద రెండు గరిటెలు వెయ్యి. వేపుడు వద్దులే, ఈపాటికి మెత్తబడిపోయి ఉంటుంది."

మొదటి ముద్ద తిని, కాస్త ఆగి, "బానే ఉంది గానీ, కూర పొయ్యి మీద ఉండగానే ఆవ కలిపేసినట్టున్నారు. దింపి చల్లారనిచ్చి కలపాలి. వేడి మీద కలిపితే చేదు తిరుగుతుంది" అంది. కుర్రాడు ఆ మాట వెంటనే లోపలికి వెళ్ళి చెప్పాడు. వంటావిడ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. "ఇవాళ జనం తోసుకొచ్చేశారండీ, చల్లారేదాకా ఆగలేకపోయాం" అంది. ఇద్దరూ ఆవపొడి కొట్టుకోవడం మేలా, నూరుకోవడం మేలా అని మా ఆకుల పక్కనే మాట్లాడుకున్నారు. రెస్టారెంటులో నోరు విప్పని అమ్మ ఈవిడేనా అనిపించింది.

మా పాప టెక్సస్‌లో పుట్టింది. తెలుగు బాగానే మాట్లాడుతుంది, చదవడం రాదు. "దప్పళం అంటే ఏంటి?" అని అడిగితే, ఆ కుర్రాడు గరిటెతో ముక్కలు పైకి తీసి "ఇది గుమ్మడికాయండి, ఇది చిలగడదుంప, ఇది ములక్కాడ" అని చూపించి వడ్డించాడు. పాప మారు వేయించుకుంది. ఇంగ్లీషు రాని అమ్మమ్మ, తెలుగు చదవలేని మనవరాలు, ఇద్దరూ ఎవరి సాయం లేకుండా తమకు కావలసింది అడిగి తిన్నారు. నోటితో చెప్పి వడ్డించే పద్ధతిలో ఉన్న మర్యాద ఇది.

పాత హోటళ్ళన్నీ గొప్పవని నేను చెప్పను. రాజోలులో చేతులు కడుక్కునే చోట నేలంతా తడి. మోకాళ్ళ నొప్పులతో ఉన్న నాన్నగారిని తమ్ముడు భుజం పట్టుకుని నడిపించాల్సి వచ్చింది. పండగ రోజుల్లో అయితే మనం తింటుంటే కుర్చీ వెనక ఇంకొకరు వచ్చి నిలబడతారు. అలా నిలబడితే ముద్ద దిగదు. ఇంకో ఊళ్ళో ఒక టిఫిన్ హోటల్లో మా బల్ల తుడిచిన గుడ్డ వాసనకి పాప ఇడ్లీ ముట్టుకోలేదు. ఏసీ రెస్టారెంట్లలో మంచి కుర్చీలున్నాయి, శుభ్రమైన బాత్రూమ్ ఉంది, పదిమంది కలిసి కూర్చుని మాట్లాడుకునే చోటు ఉంది. వయసైన వాళ్ళకి అవన్నీ కావాలి. అందుకే వాటిని మానేయడం గురించి కాకుండా, అక్కడ వాళ్ళకు మాట వచ్చేలా చేయడం గురించి ఆలోచిస్తున్నాను.

ఆ ప్రయాణంలో ఇంకో మంచి పూట నాన్నగారు పెట్టించింది. పొద్దున్న ఏడింటికే పాపని నడిపించుకుంటూ దిబ్బరొట్టె తినిపించడానికి తీసుకెళ్ళారు. వెనకాలే నేనూ వెళ్ళాను. మూకుడులో మినప్పిండి పోసి, కింద నిప్పులు, మూత మీద కూడా నిప్పులు వేసి కాలుస్తారు. మూత తీయగానే పైన ఎర్రగా పెచ్చు కట్టి ఉంటుంది, తుంచితే లోపల మెత్తగా పొగలు. దాని మీద చెరకు పానకం పోసుకోవాలి. "ముందు పెచ్చు తినకు, చివరికి దాచుకో" అని తాతయ్య చెప్పినట్టే చేసింది పాప. నాన్నగారు ఆ రోజు బిల్లు మా ఎవ్వరినీ కట్టనివ్వలేదు.

పెద్దవాళ్ళు హోటల్లో నోరు విప్పకపోవడానికి భాష ఒక్కటే కారణం కాదు. మనల్ని నొప్పించకూడదని కూడా ఊరుకుంటారు. కొన్నేళ్ళ క్రితం, అదీ జనవరిలోనే, గోదావరి ఒడ్డున ఒక రెస్టారెంటులో మా వారు పులస ఉందా అని అడిగారు. ఉందన్నారు. మట్టి దాకలో, బెండకాయలు వేసి, వేడివేడిగా తెచ్చారు. పుస్తెలమ్మయినా పులస తినాలని చిన్నప్పటి నుంచి విన్న మాట, రేటు కూడా అడగలేదు. నాన్నగారు రెండు ముక్కలు తిని ఏమీ అనలేదు. కారెక్కాక నేనే అడిగాను, ఎలా ఉంది నాన్నా అని.

"సంక్రాంతికి పులస ఎక్కడిదమ్మా? ఏరు ఎర్రబారితే కదా వచ్చేది."

అప్పుడు చెప్పారు. సముద్రంలో ఉన్నంతకాలం అది ఇలస. జూలై, ఆగస్టుల్లో వరదొచ్చి ఎర్రనీరు సముద్రంలో కలిసినప్పుడు, గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతూ పైకి వస్తుంది. మంచినీళ్ళలో ఈదుతూ వచ్చేకొద్దీ రుచి మారి పులస అవుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట దాకా వస్తుంది, ఆ లోపే వలలో పడాలి. సెప్టెంబరు దాటితే ఇక లేనట్టే. మాకు పెట్టింది ఎక్కడిదో సముద్రపు చేప. "మరి అక్కడే చెప్పొచ్చు కదా నాన్నా" అంటే, "అల్లుడుగారు ముచ్చటపడి అడిగారు. మధ్యలో నేను అడ్డం చెప్తే ఏం బాగుంటుంది" అన్నారు. ఆ హోటల్ వాళ్ళు చేసిన మోసం కంటే నాన్నగారు ఊరుకున్నారన్నదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. పులస గురించి ఆ బల్ల దగ్గర అందరికంటే తెలిసిన మనిషి ఆయన. ఆయన్ని ఒక్క మాట అడగకుండా ఆర్డరు ఇచ్చేశాం.

బిల్లు విషయంలోనూ ఇలాగే చేస్తున్నాం. ఇంకోసారి ఒకచోట బిల్లులో పది శాతం సర్వీస్ ఛార్జి వేశారు. అమెరికాలో 18, 20 శాతం టిప్పు ఇచ్చి అలవాటైన వాళ్ళం, చూసుకోకుండా కార్డు ఇవ్వబోయాం. తమ్ముడు ఆపాడు. హోటళ్ళు తమంతట తాము సర్వీస్ ఛార్జి కలపకూడదని 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. అడిగితే తీసేశారు. తీయకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. వడ్డించిన కుర్రాడికి మా వారు చేతికే ఇచ్చారు. మనం చూడకుండా కట్టేస్తే, రేపు అదే బల్ల దగ్గర కూర్చునే ఊళ్ళోవాళ్ళ మీదా అది పడుతుంది.

తిరుగు ప్రయాణానికి ముందు ఆ ఏసీ రెస్టారెంటుకి బిర్యానీ పార్సిల్ కోసం మళ్ళీ వెళ్ళాను. మేనేజరు మంచివాడు, మాట కలిపాడు. తెలుగులో మెనూ ఎందుకు వేయలేదని అడిగాను.

"మీలాంటి వాళ్ళు వస్తారనేనండి. తెలుగులో ఉంటే చిన్న హోటల్ అనుకుంటారని మా ఓనరు గారు అంటారండి" అన్నాడు.

ఈ వ్యాసం రాయడానికి ఆ మాటే కారణం. మన పేరు చెప్పి మన అమ్మల చేతుల్లో ఇంగ్లీషు కార్డు పెడుతున్నారు. డాలస్‌లో మనం వారాంతాల్లో గంటసేపు లైన్లో నిలబడి వెళ్ళే రెస్టారెంట్లలో రాజుగారి కోడి పులావు, గోదావరి రొయ్యల వేపుడు అని పేర్లు చూసి మురిసిపోతాం. ఆ పేర్లు పుట్టిన చోట వాటిని ఇంగ్లీషులోకి మార్చి అచ్చు వేస్తున్నారు, మనం మెచ్చుకుంటామని. మనకి అలా అక్కర్లేదని వాళ్ళకు మనమే చెప్పాలి. మన డాలస్ తెలుగువాళ్ళ సంఘం తరఫున ఊళ్ళలో బడులకు బెంచీలు ఇస్తున్నాం, కంటి శిబిరాలు పెడుతున్నాం. ఇది వాటి పక్కన చాలా చిన్న పని. ఈ వేసవికి ఇంటికి వెళ్ళే ప్రతి ఒక్కరూ తమ ఊళ్ళో ఒక్క హోటల్ వాళ్ళతో మాట్లాడండి. రాసిచ్చేది మనమే అయితే వాళ్ళకి పెద్ద ఖర్చు కూడా ఉండదు. ఏ ఊళ్ళోనైనా డీటీపీ సెంటర్ ఉంటుంది, లామినేషన్‌తో సహా ఒక పూటలో అయిపోతుంది.

మేనేజరు ఒక పాత మెనూ కార్డు నా చేతికిచ్చి, "మీరు రాసివ్వండి, మా ఓనరు గారికి చూపిస్తాను" అన్నాడు. ఆ సాయంత్రం వరండాలో కూర్చుని నేనూ మరదలూ రాయడం మొదలుపెట్టాం. గోబీ మంచూరియా లాంటివి అలాగే తెలుగు అక్షరాల్లో పెట్టాం, ఆ పేర్లు అందరికీ తెలుసు. చికెన్ ఫ్రై అని రాయబోతే అమ్మ లోపల్నుంచే "కోడి వేపుడు అని రాయండే" అంది. మష్రూమ్ దగ్గర పుట్టగొడుగులు అని రాశాం. ప్రాన్స్ దగ్గర రొయ్యలు. నాలుగు కాగితాలయ్యాయి.

రాసినవన్నీ అమ్మకిచ్చాం, తప్పులేమైనా ఉంటే చూడమని. కళ్ళజోడు పెట్టుకుని పైకి చదువుకుంటూ వచ్చింది. మూడో కాగితం మధ్యలో ఆగింది.

"గుత్తొంకాయ కూర చేస్తారా వాళ్ళు?"

"చేస్తారమ్మా. స్టఫ్డ్ బ్రింజాల్ మసాలా అని వేశారు."

"మనం వెళ్ళిన రోజు కూడా ఉందా?"

"ఉంది."

అమ్మ కళ్ళజోడు తీసి, చీర చెంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, దాని కింద వరస చదివింది.