సర్టిఫికెట్ పెద్దమ్మ పేరున, ఫోన్ మనవడి చేతిలో

పెద్దవాళ్ళకు ఫోన్ నేర్పడం అంత కష్టమేమీ కాదు. మనం నేర్పే పద్ధతే తప్పు. ఇంక మొహమాటం లేకుండా ఈ మాట అనుకోవాలి.

పల్లెవాళ్ళకు కంప్యూటర్, ఫోన్, ఇంటర్నెట్ వాడకం నేర్పడానికి కేంద్రం పెట్టిన ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ సంగతి తెలిసిందే. 2017లో మొదలై 2024 మార్చి 31తో ముగిసింది. ఇంటికొకరు చొప్పున 6 కోట్ల గ్రామీణ కుటుంబాలకు నేర్పాలనుకున్నారు. 6.39 కోట్ల మందికి నేర్పామని ప్రభుత్వం లెక్క చెప్పింది. లక్ష్యం దాటేశారు. అయినా నెల మొదట్లో ఏ ఊళ్లోనైనా వేలిముద్ర వేసి డబ్బులు తీసుకునే చోట ఓ పావుగంట నిలబడండి. "అయ్యా, నా డబ్బులు పడ్డాయా?" అన్న ప్రశ్న ఎంతమంది నోట వస్తుందో వినండి.

ఆ పథకం నడుస్తున్న రోజుల్లోనే, 2019-21లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చేశారు. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. దేశ సగటు 33.3. ప్రపంచమంతటికీ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లను పంపే రెండు రాష్ట్రాలూ ఆ సగటును కూడా అందుకోలేదు. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ ఫోన్ ఇంట్లో ఉండటం వేరు, ఇంటావిడ చేతిలో ఉండటం వేరు.

లోపం పాఠంలోనే ఉంది. ఆ కోర్సు మొత్తం 20 గంటలు. ముందు పరికరాల పరిచయం, తర్వాత వాటిని నడపడం, ఆ తర్వాత ఇంటర్నెట్ అంటే ఏమిటి, ఆపైన ఈమెయిల్. డబ్బు సంగతి, సర్కారు సేవల సంగతి చివర్లో వస్తాయి. ఇది పదో తరగతి పిల్లాడికి సరిపోయే వరస. ఇవాళ నేర్చుకున్నది వాడికి ఎప్పటికో అక్కరకొచ్చినా చాలు. తెల్లారకముందే లేచి, వంట చేసి, పనికి పోయి, సాయంత్రం మళ్ళీ పొయ్యి ముట్టించే మనిషికి అంత తీరిక ఎక్కడిది? కీబోర్డు బొమ్మతో ఆవిడకు పనిలేదు. పోయిన వారం కూలి పడిందో లేదో కావాలి.

మా పెద్దమ్మకు నేర్పబోయి మొదటిరోజు నేనూ ఇదే తప్పు చేశాను. ఆవిడది గుంటూరు వైపు ఊరు. మిరప కోతలకు పోతుంది, ఉపాధి పనికీ పోతుంది. బడి మొహం చూడలేదు. ఫోన్ చేతికిచ్చి, ఏ బొమ్మ దేనికో వరసగా చెప్పుకుంటూ పోయాను. ఆవిడ ఒక బొమ్మ మీద వేలు పెట్టి గట్టిగా నొక్కి పట్టుకుంది. ఆ చేతులకు నొక్కడమంటే అదే. నొక్కి పట్టేసరికి బొమ్మ కదిలి పక్కకు జరిగిపోయింది. "చెడిపోయిందేమోరా" అంటూ ఫోన్ నా ఒళ్ళో పెట్టేసింది. మళ్ళీ ఇచ్చి, ఊరికే తాకించమన్నాను. ఈసారి పగిలి మొద్దుబారిన ఆ వేలిని ఫోన్ గుర్తుపట్టనే లేదు. తడిగుడ్డతో వేలు తుడుచుకుని తాకిస్తే అప్పుడు తెరుచుకుంది. ఎంత నొక్కాలి, ఎండిపోయిన వేలికి కాస్త తేమ ఎందుకు కావాలి అన్నవి నేను చూసిన ఏ పాఠంలోనూ లేవు.

మర్నాడు పాఠం పక్కనపెట్టి అడిగాను. "పెద్దమ్మా, ఈ ఫోన్లో నీకేం కావాలి?"

"నా డబ్బులు వచ్చినయ్యో లేదో ఇంకొకళ్ళని అడక్కుండా తెలియాలిరా. అంతే."

ఆవిడకు బ్యాంకు నుంచి వచ్చే మెసేజ్ ఇంగ్లీషులో ఉంటుంది. డబ్బు వస్తే క్రెడిట్ అని, పోతే డెబిట్ అని పెద్దక్షరాల్లో ఉంటుంది. ఆ రెండు మాటల మొదటి అక్షరాలు చూపించాను. 'సి' చూసి "ఇది నెలవంక" అంది. 'డి' చూసి కాసేపు ఆలోచించి "ఇది విల్లు" అంది. ఆపైన నేను చెప్పడానికేం మిగల్లేదు. నెలవంక ఉంటే డబ్బు వచ్చినట్టు, విల్లు ఉంటే బాణంలా పోయినట్టు అని ఆవిడే గుర్తు కట్టుకుంది. అంకెలు ఎలాగూ వచ్చు. కూలి డబ్బులు లెక్కపెట్టుకునే మనిషికి అంకెలు రాకపోవడమేమిటి? ముప్పావుగంటలో పని అయిపోయింది. ఆ రోజు నుంచి మెసేజ్ చప్పుడు వస్తే ఫోన్ మనవడికి ఇవ్వడం మానేసింది.

క్లాసులు లేకుండా నేర్చుకున్నవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి మగవాళ్ళు గల్ఫ్‌కు పోయారు. దుబాయ్‌లో వాట్సాప్ కాల్స్ పనిచేయవు. అందుకే ఇమో, బోటిమ్ లాంటి యాప్‌లు ఆ ఇళ్ళల్లోకి వచ్చాయి. సంతకం పెట్టడం రాని తల్లులు కూడా వాటిని తెరిచి వీడియోలో మాట్లాడారు. ఏ అభియాన్ నేర్పింది వాళ్ళకు? ఆ బొమ్మ వెనకాల కొడుకున్నాడు, అందుకే వచ్చింది.

ఈ కిటుకు పట్టుకున్న పంచాయతీ ఒకటుంది. కేరళలో తిరువనంతపురం జిల్లా పుల్లంపార. కూలి పడిందో లేదో తెలుసుకోవడానికే ఉపాధి కూలీలు బ్యాంకు ముందు వరస కడుతున్నారని చూసి అక్కడ పని మొదలుపెట్టారు. జనాన్ని క్లాసుకు రమ్మనలేదు. వలంటీర్లే పని జరిగే చోటికి, కుటుంబశ్రీ అనే ఆడవాళ్ళ సంఘాల సమావేశాలకు, ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళారు. 2022లో అది దేశంలోనే తొలి సంపూర్ణ డిజిటల్ అక్షరాస్యత పంచాయతీ అయింది. అదే దారిలో రాష్ట్రమంతా 21 లక్షల మందికి పైగా నేర్పి, 2025 ఆగస్టులో కేరళ తనను తాను పూర్తి డిజిటల్ అక్షరాస్యత రాష్ట్రంగా ప్రకటించుకుంది. కేరళలో అందరికీ చదువొచ్చు కాబట్టి కుదిరింది అంటారు. కొంత నిజమే. కానీ కూలీలు కూర్చున్న చెట్టుకిందికి వెళ్ళి నేర్పడానికి ఏ అక్షరాస్యత శాతం అడ్డొస్తుంది? మన దగ్గర ఊరూరా పొదుపు సంఘాలున్నాయి. వారం వారం కూర్చుంటున్నారు కూడా.

పైగా పెద్దవాళ్ళంటే అందరూ ఒకటి కాదు. ఆదిలాబాద్ గూడెంలో గోండి మాట్లాడే అవ్వకు, పాతబస్తీలో ఉర్దూ చదివిన టైలర్‌కు, ఇటుక బట్టీకి వచ్చిన ఒడియా కూలీకి ఒకే తెలుగు పుస్తకం ఇచ్చి నేర్పామంటే ఎలా? రిటైరైన మాస్టారికి చదవడం, రాయడం అన్నీ వచ్చు. 'డిజిటల్ అరెస్ట్' అంటూ పోలీసు డ్రెస్సులో ఎవడో వీడియో కాల్ చేస్తే వణికిపోయేది ఆయనే. అలాంటి అరెస్టు మన చట్టంలోనే లేదని, వెంటనే ఫోన్ పెట్టేసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలని ఆయనకు నేర్పాలి. ఒకరికి ఫోన్ తెరవడం పాఠమైతే ఇంకొకరికి పెట్టేయడం పాఠం.

ఈ వయసులో ఇదంతా ఎందుకు, సచివాలయం ఉంది, మీసేవ ఉంది, ఆంధ్రప్రదేశ్‌లో మన మిత్ర వాట్సాప్ ఉంది, రేపోమాపో ఫోన్లు మాటతోనే నడుస్తాయి అనేవాళ్ళున్నారు. ఆ సేవలు మంచివే, కాదనను. కానీ మన పని ఇంకొకరు చేసిపెట్టిన ప్రతిసారీ పిన్, ఓటీపీ వాళ్ళ చేతికి పోతున్నాయి. పాస్‌బుక్ అట్ట లోపల పిన్ రాసుకుని, ఆ పుస్తకమే పక్కవాడికిచ్చే తల్లులను మీరూ చూసే ఉంటారు. మాటతో నడిచే ఫోన్ వచ్చినా, అది చెప్పింది నిజమో కాదో సరిచూసుకోవడం ఎవరో ఒకరు నేర్పాల్సిందే.

నా అసలు బాధ ఇంకొకటి. ఈ చదువును మనం ఎందుకు నేర్పుతున్నట్టు? యాప్ వాడేవాళ్ళు పెరగడానికా, అడిగేవాళ్ళు పెరగడానికా? తెలుగు నేల మీద వయోజన విద్యకు గొప్ప చరిత్ర ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో 'అక్షర దీపం' రాత్రిబడులు నడిచాయి. వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉండేది, తాగుడు కాల్చేసిన సంసారం గురించి. దూబగుంట ఆడవాళ్ళు అది చదివి, ఇది మన కథే కదా అన్నారు. సారా కొట్టు మూయించారు. ఆ ఒక్క ఊళ్లో రాజుకున్నది జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం, 1995లో మద్య నిషేధం వచ్చాయి. వాళ్ళకు అక్షరాలు నేర్పింది సర్కారు బడే. నేర్చుకుని వాళ్ళు నిలదీసిందీ సర్కారునే. తర్వాత ఉపాధి హామీలో సామాజిక తనిఖీకి దేశానికే దారి చూపిందీ ఉమ్మడి రాష్ట్రమే. మస్టర్ రోల్‌లో, అంటే కూలీల హాజరు పట్టీలో, ఎవరి పేరున ఎన్ని రోజులు రాశారో గ్రామసభలో గట్టిగా చదివి వినిపిస్తే, "నేనా వారం పనికే రాలేదయ్యా" అని లేచి చెప్పినవాళ్ళున్నారు.

ఇప్పుడా మస్టర్ రోల్స్ ఆన్‌లైన్‌లో పెట్టారు. ఎక్కడి వాళ్ళయినా చూడొచ్చు. అందులో పేరున్న మనిషి మాత్రం చూడలేకపోతోంది. డిజిటల్ చదువు మొదటి పాఠం ఆ పేజీ కావాలి. రెండోది బ్యాంకు మెసేజ్, మూడోది రేషన్ వివరాలు, నాలుగోది పొలం రికార్డు. ఫోన్ ఆన్ చేయడం, వేలు తాకించడం ఆ దారిలో వాటంతటవే వస్తాయి.

మొన్న మే నెలాఖరున పెద్దమ్మకు ఒక మెసేజ్ వచ్చింది. విల్లు, పక్కన 20. ఆవిడ డబ్బు తీయలేదు. "నా ఇరవై రూపాయలు ఎవరు తీశార్రా?" అని నాకు ఫోన్ చేసింది. ప్రమాద బీమాకు ఏడాదికోసారి కట్ అయ్యే సొమ్ము అది. ఎప్పుడో ఏదో ఫారం మీద వేలిముద్ర వేయించుకున్నారట, దేనికో చెప్పలేదట. బీమా మంచిదేలే, ఉండనీ అన్నాను. "మంచిదైతే మరి నాకు చెప్పి తీయొచ్చుగా" అంది. మర్నాడు పని మానుకుని, అలాగే ఇరవై పోయిన ఇంకో నలుగురిని వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్ళింది.