పార్కింగ్ ముందు, బస్సు తర్వాత: బ్రిటన్ సూపర్‌స్టోర్లలో జరిగిన అన్యాయం

1964లో నాటింగ్‌హామ్‌ను ఆనుకుని ఉన్న వెస్ట్ బ్రిడ్జ్‌ఫర్డ్‌లో జెమ్ అనే అమెరికన్ సంస్థ ఓ భారీ దుకాణం తెరిచింది. సరుకులన్నీ ఒకే చోట, బయట విశాలమైన పార్కింగ్. కొన్నేళ్లకే అది ఆస్డా అనే బ్రిటిష్ సూపర్‌మార్కెట్ సంస్థ చేతికొచ్చింది. 1967లో లెస్టర్ శివారు ఓడ్‌బీలో వుల్కో, 1972లో వేల్స్‌లోని కేర్‌ఫిలీలో కారెఫోర్ అనే ఇలాంటి పెద్ద దుకాణాలే వచ్చాయి. బ్రిటన్‌లో ఊరి బయటి షాపింగ్ అలా మొదలైంది.

అక్కడ ధరలు తక్కువే. ఊరి బయట స్థలం చౌక, లారీలు నేరుగా వచ్చి సరుకు దించుతాయి. అయితే ఆ సరుకును ఇంటిదాకా మోసుకెళ్లే ఖర్చూ శ్రమా కొనేవాళ్ల మీద పడ్డాయి. కారున్న వాళ్లకు అది పెద్దగా తెలియలేదు. లేనివాళ్ల సంగతి?

1971లో కూడా బ్రిటన్‌లో దాదాపు సగం కుటుంబాలకు కారు లేదు. ఉన్న ఇళ్లలోనూ చాలాచోట్ల పొద్దున్నే భర్త దాన్ని పనికి తీసుకెళ్లేవాడు. 1975-76 జాతీయ ప్రయాణ సర్వే ప్రకారం డ్రైవింగ్ లైసెన్సు మగవాళ్లలో 69 శాతం మందికి ఉంటే, ఆడవాళ్లలో 29 శాతం మందికే ఉంది. ఇంటికి సరుకులు తెచ్చేది ఎక్కువగా ఆడవాళ్లే. అంటే దుకాణాన్ని కట్టింది కారు నడిపేవాళ్ల కోసం, అందులో కొనాల్సింది మాత్రం బస్సెక్కేవాళ్లు!

ఆ బస్సులేమో ఊరి నడిబొడ్డుకు వెళ్లేవి. శివారులోని దుకాణానికి పోవాలంటే ముందు సెంటర్‌కు వెళ్లి, అక్కడ ఇంకో బస్సు పట్టుకోవాలి. రెండు టికెట్లు, రెండుసార్లు ఎదురుచూపులు. తిరుగు ప్రయాణంలో చేతి నిండా సంచులు, పక్కన చిన్నపిల్లలు. చాలాచోట్ల స్టాప్ మెయిన్ రోడ్డు మీదే ఉండేది, అక్కడి నుంచి కార్ల మధ్యగా నడిచి తలుపు చేరుకోవాలి. కొత్త రూటు వేయడమూ తేలిక కాదు. 1930 నాటి చట్టం ప్రకారం ప్రతి రూటుకూ లైసెన్సు తీసుకోవాలి, అప్పటికే బస్సులు నడుపుతున్న సంస్థలు అభ్యంతరం చెప్పవచ్చు.

కొన్నిచోట్ల దుకాణాలే ఉచిత బస్సులు నడిపాయి. వాటితో చాలామందికి మేలు జరిగింది, కాదనలేం. కానీ అది హక్కుగా వచ్చిన సేవ కాదు. యాజమాన్యం వద్దనుకుంటే ఆగిపోతుంది. పైగా ఆ ప్రయాణికులు మామూలు సిటీ బస్సుకు దూరమవుతారు. ఊళ్లో దుకాణాలు మూతపడేకొద్దీ ఆ బస్సుకు రాబడి ఇంకా తగ్గుతుంది.

1986 అక్టోబర్ 26న లండన్ బయట రూట్ల నియంత్రణ ఎత్తేశారు. మినీబస్సులు కాలనీల్లోకి వచ్చాయి. లాభం ఉన్న రూట్లలో పోటీ పెరిగింది. లాభం రాని రాత్రి, ఆదివారం సర్వీసులు స్థానిక కౌన్సిళ్ల సబ్సిడీ మీద ఆధారపడ్డాయి. కొత్త పెద్ద దుకాణానికి ముందుగా ఊరి మధ్యలోనే స్థలం వెతకాలనే నియమం గట్టిపడింది 1990లలో. అప్పటికే శివార్లు సూపర్‌స్టోర్లతో నిండిపోయాయి.

కొత్త దుకాణానికి అనుమతి ఇచ్చేటప్పుడు బస్సు కోసం దుకాణం కంపెనీ నుంచి కౌన్సిల్ డబ్బు తీసుకునే ఒప్పందాలూ ఉన్నాయి. సాధారణంగా అవి కొన్నేళ్లకే. గడువు తీరాక బస్సు నిలబడుతుందో లేదో ఎవరూ హామీ ఇవ్వరు. పార్కింగ్‌కు మాత్రం అలాంటి గడువు ఉండదు. దుకాణం ఉన్నన్నాళ్లూ పార్కింగ్ ఉన్నట్టే, తెరిచిన మొదటి రోజు నుంచి తలుపు దగ్గరే ఆగే బస్సు కూడా ఉండాలి, దాని ఖర్చులో వాటా కంపెనీయే భరించాలి. చదువుల కోసం బ్రిటన్‌కు వెళ్లి, కారు లేకుండా వారం సరుకులు మోసుకొచ్చే మన తెలుగు పిల్లలకూ ఇది పట్టే విషయమే.