ఆ 30 రోజులు ఎక్కడున్నాయి?

వారం రోజుల్లో ఆరుగురు పంపారు ఒకే సందేశం. "ఇంటర్ పరీక్షలకు ఆఖరి 30 రోజులు చాలు. ముందు చదివింది ఎలాగూ మరిచిపోతారు. పెద్ద ప్రశ్నలు పట్టుకుంటే పాస్ ఖాయం. 4 గంటలు పడుకుంటే చాలు. సిలబస్ పూర్తికాకుండా రివిజన్ ఏమిటి? పొద్దున్నే నానబెట్టిన బాదం తినాలి." పంపినవాళ్లలో ఇద్దరు తల్లులు. అందుకే ఊరుకోలేకపోతున్నాను.

బాదం సంగతి వదిలేద్దాం. ఇష్టమైతే తినండి.

పెద్ద ప్రశ్నలా? మన తెలంగాణ ఇంటర్‌లో ఫిజిక్స్ 60 మార్కుల పేపరులో అవి రాయాల్సింది రెండే, ఒక్కోదానికి 8. రెండూ తప్పులేకుండా రాసినా 16. పాస్ కావడానికి 21 కావాలి. రెండు మార్కుల ప్రశ్నలు పది ఉంటాయి, వాటిలో ఛాయిస్ లేదు, పుస్తకమంతా తిరగేస్తేనే అందుతాయి. ఆ 20 మార్కులను ఎవరికి వదిలేయమంటారు?

ఇక అసలు మాట, ఆఖరి 30 రోజులు. 2025లో రాత పరీక్షలు మార్చి 5న మొదలయ్యాయి. అక్కడి నుంచి 30 రోజులు వెనక్కి లెక్కపెట్టండి, ఫిబ్రవరి 3 వస్తుంది. సరిగ్గా ఆ రోజే ప్రాక్టికల్స్ మొదలై 22 దాకా విడతలవారీగా నడిచాయి. బైపీసీ సెకండియర్ వాళ్లకు నాలుగు ప్రాక్టికల్స్, 120 మార్కులు. రికార్డుల్లో బొమ్మలు వేయాలి, సంతకాలు పెట్టించుకోవాలి. ఊరి నుంచి బస్సెక్కి వచ్చే పిల్లకు ఆ నెలలో మొత్తం సిలబస్ తొలిసారి తిరగేసే తీరిక ఎక్కడిది?

మరిచిపోతారన్నది నిజమే. ముందుగా మొదలుపెట్టమనేది అందుకే! ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థంలేని అక్షరాలను కంఠస్థం చేసి, తానెంత త్వరగా మరిచిపోతున్నాడో లెక్కగట్టి 1885లో అచ్చువేశాడు. ఒకే రోజు పదేపదే వల్లించడం కన్నా కొన్ని రోజులకు పంచి చదివితే తక్కువ సార్లకే పట్టుబడుతుందనీ అందులోనే రాశాడు.

మా దేవరకొండలో నా దగ్గరికి ట్యూషన్‌కు వచ్చే ఒకమ్మాయి నోటుబుక్కు చూశాను. ప్రతి పాఠం పేరు పక్కన మూడు తేదీలు: దసరా సెలవుల్లో ఒకటి, నవంబరులో ఒకటి, సంక్రాంతి దాటాక ఒకటి. మూడో తేదీ కింద "పుస్తకం చూడకుండా రాశాను" అని చిన్న అక్షరాలు. నవంబరు ఆదివారాలు ఆమె పత్తి చేలోనే ఉంది, వేళ్ల కొసలు కాయ డొప్పలకు గీసుకుపోయి ఉన్నాయి. అయినా రాత్రి పది ప్రశ్నలు రాసింది, అరగంట పని.

4 గంటల నిద్ర మాట చదివితే మాత్రం నాకు ఒళ్లు మండింది. పదహారు, పదిహేడేళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతున్నారు. నిద్ర చాలని పిల్లలు లెక్క సగంలో గుర్తులు తారుమారు చేయడం నేను రోజూ చూస్తున్నాను. అమ్మా, ఆ వాక్యాన్ని మీ పిల్లలకు వినిపించకండి.

సిలబస్ మాటలో మాత్రం న్యాయం ఉంది, ఒప్పుకుంటాను. అధ్యాపకుడే సంక్రాంతి ముందు చేరిన కాలేజీ నాకు తెలుసు. అక్కడి పిల్లలను సోమరులనడం అన్యాయం, నేనూ ఒకప్పుడు అన్నాను. వాళ్లు దసరా నాటికి అయిన నాలుగు పాఠాలతోనే తేదీలు వేసుకోవాలి. మిగిలినవి చెప్పినప్పుడు కింద చేర్చుకోవచ్చు.