కెనరీ గుడ్లు వదిలేసిందని తిట్టే ముందు పంజరం అడుగున చూడండి

విజయనగరంలో కెనరీలనే చిన్న పాటల పిట్టలను పెంచే మిత్రుల నోట తరచుగా ఒక మాట వినిపిస్తుంది: "ఆ పెట్ట మంచిది కాదు మేస్టారూ, మార్చేయండి." పోయిన సంక్రాంతికి ముందు నాకూ ఆ సలహా వచ్చింది; సిగ్గు విడిచి చెబుతున్నాను, రెండు రోజులపాటు నేను దాన్ని నమ్మాను కూడా. 11 రోజులుగా మేతకూ నీళ్లకూ తప్ప గూటి నుంచి కదలని కెనరీ పెట్ట, ఒకనాటి తెల్లవారుజామున పంజరం మూల ముడుచుకొని కనిపించింది. లేత నీలం మీద గోధుమరంగు చుక్కలున్న నాలుగు గుడ్లూ చల్లబడిపోయి ఉన్నాయి. కెనరీ గుడ్డు పొదగడానికి పట్టేది 13 నుంచి 14 రోజులే కాబట్టి, మరో మూడు రోజులు ఆగి ఉంటే ఇంట్లో పిల్లల కూత వినిపించేది.

మూడో రోజున పంజరం అడుగు పళ్లెం శుభ్రం చేస్తుండగా, మేతలో వేసే వలిసె గింజలు ఇంతగా ఎందుకు రాలాయా అనుకొని వేలితో నలిపి చూస్తే, అవి వలిసెలు కావు, ఎలుక పెంటికలు. రెండూ నల్లగా, సన్నగా, ఇంచుమించు ఒకే పొడవుతో ఉంటాయి. ఎన్ని వారాలుగా వాటిని గింజలనుకొని చూస్తూ ఊరుకున్నానో నాకే తెలియదు. అదే గింజల్లో ఎలుక పెంటికలూ మూత్రమూ కలిస్తే సాల్మొనెల్లా వంటి జబ్బులు పక్షులకు సోకుతాయన్న సంగతి తెలిసి కూడా ఇంత అజాగ్రత్తగా ఉన్నాను.

అసలు జరిగింది ఇది. చీకట్లో ఎలుక పంజరంలో పాకగానే పెట్ట బెదిరి గూటి నుంచి ఎగిరిపోతుంది. కెనరీకి చీకట్లో కళ్లు కనబడవు కనుక తిరిగి గూటికి చేరుకోలేదు, తెల్లవారే దాకా ఎక్కడ వాలితే అక్కడే ఉండిపోతుంది. ఈ లోపల గుడ్లలోని పిండాలు చలికి చచ్చిపోతాయి. దీన్ని తల్లి తప్పు అనడం ఎంత అన్యాయం!

మన ప్రాంతంలో ఈ బెడద చలికాలంలోనే ముదరడానికి కారణం ఉంది. ఏప్రిల్, మే ఎండలకు కెనరీ తట్టుకోలేదని మనం నవంబరు, ఫిబ్రవరి నెలల మధ్య జత కడతాం. సరిగ్గా అప్పుడే కోతలూ నూర్పులూ ముగిసి, పొలాల్లోని ఎలుకలు ఇళ్ల దారి పడతాయి. డిసెంబరులో మనకు పగలు సుమారు 11 గంటలే కనుక కొందరు బల్బు వేసి పగటిని పొడిగిస్తారు. ఆ బల్బును ఒక్కసారిగా ఆర్పినా మేతకు దిగిన పెట్ట గూడు చేరలేక ఇలాగే ఇరుక్కుపోతుంది. రాత్రంతా ఒక చిన్న బెడ్‌ల్యాంపు వెలిగి ఉంటే చాలు.

ఇక దుకాణాల సంగతి. కెనరీ జతను కొన్నప్పుడు నాకు లవ్‌బర్డ్స్ కుండను అంటగట్టారు. కెనరీ తొర్రలో గుడ్లు పెట్టే పక్షి కాదు, కప్పులాంటి తెరిచిన గూడు అల్లుకొనే పక్షి. నాలుగు అంగుళాల వెడల్పు గిన్నె, చిన్న ముక్కలుగా కత్తిరించిన గోనె నార ఇస్తే మిగతా పని అదే చూసుకుంటుంది. నార పోగులు పొడుగ్గా ఉంటే కాళ్లకు చుట్టుకుంటాయి. దూది అయితే గోళ్లకు పట్టుకుంటుంది. నెల్లిమర్ల జూట్ మిల్లుకు కూతవేటు దూరంలో ఉంటూ ప్యాకెట్లలో వచ్చే గూటి సామాను కొనుక్కోవడం నాకైతే హాస్యాస్పదంగా తోస్తుంది. నార అందకపోతే పెట్ట మగపక్షి ఈకలు పీకి గూడు కట్టబోతుంది, దానికీ మనం "పొగరు" అని పేరు పెడతాం. మగపక్షి లేకుండా ఒంటరిగా ఉన్న పెట్ట గుడ్లు పెడితే వాటిని వెంటనే తీసేయకూడదు. తీసిన కొద్దీ మళ్లీ పెట్టి ఒంట్లోని కాల్షియం పోగొట్టుకుంటుంది. అవి పొదగబడవని దానికే తెలిసి వదిలేసే వరకు ఓపిక పట్టాలి. సముద్రపు నురుగు (కటిల్‌ఫిష్ ఒంట్లోని తెల్లటి సున్నపు పెంకు) ముక్క ఒకటి పంజరానికి ఎప్పుడూ కట్టి ఉంచాలి. చింతపల్లి సముద్రపు ఒడ్డున ఏరుకుంటే అది ఉచితంగానే దొరుకుతుంది, ఉప్పు పోయేలా కడిగి ఎండబెట్టుకోవాలి, అంతే.

పంజరం అమ్మేవారు అర అంగుళం జాలీని గట్టిదని చెబుతారు. పెన్సిలు దూరే సందు చాలు, చిట్టెలుక లోపలికి వచ్చేస్తుంది. కాబట్టి జాలీ కన్ను పావు అంగుళానికి, అంటే సుమారు 6 మిల్లీమీటర్లకు మించకూడదు. నేను పాత పంజరం చుట్టూ పావు అంగుళం జాలీ బిగించి, దాన్ని గోడకు అడుగు దూరంగా, కొక్కేనికి వేలాడదీసి, తాడు మధ్యలో నున్నటి రేకుపళ్లెం తొడిగాను. మా మామ్మ పాలకుండకు ఉట్టి కట్టినప్పుడు పిల్లికి చేసిన ఏర్పాటునే నేను ఎలుకకు చేశానన్నమాట. రాలిన గింజల పళ్లెం రోజూ సందెవేళకే ఖాళీ అవుతుంది, కొర్రలూ వలిసెలూ మూత గట్టిగా ఉండే రేకు డబ్బాలోకి వెళ్తాయి.

మందు పెట్టమని ఎవరూ చెప్పవద్దు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు, ఆ విషపు గింజను ఎలుక మేత డబ్బా దగ్గరే వదిలి పోతే నష్టపోయేది పక్షే. మందు తిని తూలుతున్న ఎలుకను గుడ్లగూబ తింటే దానికీ ప్రమాదమే. ఎండునెత్తళ్లు గుచ్చిన ఎలుకబోను నాకు చాలింది. మొదటి వారంలోనే ఐదు పడ్డాయి.

ఇప్పుడు అదే పెట్ట, నేను మార్చేయబోయిన పెట్టే, మళ్లీ నాలుగు గుడ్ల మీద కూర్చుంది. ఈ రోజు తొమ్మిదో రోజు. నిన్న ఎదురింటాయన వచ్చి పిల్లలైతే తనకొక జత ఇవ్వమన్నారు. ఇస్తానని చెప్పాను, కానీ ముందు వాళ్ల ఇంట్లో గింజలు ఎక్కడ పెడతారో చూపించమన్నాను. ఆయన కొంచెం నొచ్చుకున్నట్టే ఉన్నారు.