కరవని కాపలాదారుకు ఒక బహిరంగ లేఖ

జాన్సన్ సవరణ గారికి,

నమస్కారాలు. అమెరికా పన్ను చట్టంలో ధర్మసంస్థలకు, చర్చిలకు పన్ను మినహాయింపు ఇచ్చే 501(సి)(3) సెక్షన్ తోక చివర ముడుచుకుని కూర్చున్న మీకు ఉత్తరాలు రావడం అరుదని తెలుసు. వచ్చినవాటిలోనూ తిట్లే ఎక్కువ. సంప్రదాయవాద క్రైస్తవ నాయకులు చాలా ఏళ్లుగా మీ పేరెత్తి, ఇదిగో ఎన్నికల్లో మా నోరు కట్టేసిన చట్టం అంటున్నారు. అదీ మైకు పట్టుకుని, టీవీ కెమెరాల ముందు. నోరు కట్టేసినవాళ్ల గొంతు ఇంత దూరం వినిపిస్తోందంటే, ఆ కట్టు కట్టిన చెయ్యి ఎవరిదో చూడాలనిపించింది.

పుట్టుక సంగతికొస్తే, మీది పెద్ద వంశమేమీ కాదు. 1954లో లిండన్ జాన్సన్ టెక్సాస్ నుంచి మళ్లీ సెనేట్‌కు పోటీ చేస్తున్నాడు. ఆయన కమ్యూనిస్టుల పట్ల మెతకగా ఉన్నాడని పన్ను మినహాయింపు పొందే కొన్ని సంస్థలు ప్రచారం చేశాయి. జూలై 2న ఆయన సభలో లేచి, అలాంటి సంస్థలు ఎన్నికల్లో ఏ అభ్యర్థి తరఫునా దిగకూడదని ఒక ముక్క చేర్చమన్నాడు. విచారణ లేదు, చర్చ లేదు, మూజువాణి ఓటుతో సరి. చర్చిలు ఆయన మనసులో ఉన్నట్టు ఆధారమే లేదు. దారిన పోతూ మీరు వాటికీ తగిలారు.

అదే ఏడాది అదే కాంగ్రెస్ జెండా ప్రతిజ్ఞలో 'దేవుని అధీనంలో' అన్న మాట చేర్చింది. జూన్‌లో దాని మీద, ఆగస్టులో మీ మీద సంతకం పెట్టింది ఒకే అధ్యక్షుడు, ఐసన్‌హోవర్. దేశాన్ని దేవుడికి అప్పగించిన వేసవిలోనే దేవుడి సేవకులను ఓట్ల జోలికి పోవద్దన్నారన్నమాట. మీ తోబుట్టువు బడిపిల్లల నోట రోజూ పలుకుతోంది. మీరేమో ఆడిటర్ల బీరువాలో ఉన్నారు.

మీ వేట చరిత్ర చూద్దాం. అభ్యర్థుల జోలికి వెళ్లి మినహాయింపు పోగొట్టుకున్న చర్చి, అందరికీ తెలిసినంతలో, ఒక్కటే. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆ చర్చి 1992 ఎన్నికలకు నాలుగు రోజుల ముందు రెండు జాతీయ పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటన వేసి, క్లింటన్‌కు ఓటేయడం పాపమన్నట్టు రాసింది. అడుగున మరో వాక్యం: ఈ ప్రకటనకు మీరిచ్చే విరాళానికి పన్ను మినహాయింపు ఉంది, సంతోషంగా స్వీకరిస్తాం. దొంగతనానికి వచ్చి రసీదు ఇచ్చి వెళ్లినట్టు. 1995లో మినహాయింపు తీసేశారు. 2000లో అప్పీలు కోర్టు ఆ నిర్ణయాన్ని సమర్థిస్తూనే, ఇకపై ఎన్నికల్లో వేలు పెట్టమని మాటిస్తే మళ్లీ మినహాయింపు తీసుకోవచ్చని చెప్పి, దెబ్బ ప్రతీకాత్మకమేనని ఊరడించింది. డెబ్బై ఏళ్లకు మీ చేతి దెబ్బ అదొక్కటే. చేలో బెదురుబొమ్మకైనా మీకంటే మంచి లెక్క ఉంటుంది.

2004లో ఎన్నికలకు రెండు రోజుల ముందు కాలిఫోర్నియాలోని పాసడీనాలో ఒక ఉదారవాద చర్చిలో ఇరాక్ యుద్ధానికి వ్యతిరేకంగా ప్రసంగం వినిపించినందుకు మాత్రం అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ విచారణకు దిగింది. రెండేళ్లు నడిపి, తప్పే చేశారని చెప్పి, ఏ చర్యా లేకుండా ఫైలు మూసేసింది. నల్లజాతీయుల చర్చిల్లో ఎన్నికల ముందు ఆదివారం డెమొక్రాట్ అభ్యర్థులు వేదికెక్కినప్పుడూ మీరు కిటికీలోంచి బయటకే చూశారు. పక్షపాతం మీకు లేదు. బద్ధకం అందరికీ సమానంగా పంచారు.

మరి ఇంత మెత్తటి మీ మీద అంత కోపమెందుకు? ఇక్కడే కథ రుచిగా ఉంటుంది. 1965లో నల్లజాతీయుల పౌరహక్కుల కవాతు అలబామాలోని సెల్మా నుంచి సాగుతున్న రోజుల్లో వర్జీనియా పాస్టర్ జెర్రీ ఫాల్వెల్, బోధకుల పని ఆత్మలను రక్షించడమే గానీ రాజకీయం కాదని ప్రసంగించాడు. ఆ మాట మీరు రాసిచ్చినట్టే ఉంది. పద్నాలుగేళ్లకు, 1979లో, అదే ఫాల్వెల్ సంప్రదాయవాద క్రైస్తవులను రాజకీయాల్లోకి దించే 'మోరల్ మెజారిటీ' సంస్థ పెట్టాడు. మధ్యలో ఏం జరిగింది? గర్భస్రావాన్ని హక్కుగా గుర్తించిన సుప్రీంకోర్టు తీర్పు అని చెబుతారు. కానీ ఉద్యమాన్ని అల్లిన పాల్ వైరిక్ అసలు నిప్పు వేరే చోట అంటుకుందన్నాడు. జాతి వివక్ష పాటించే క్రైస్తవ విద్యాసంస్థల పన్ను మినహాయింపు మీద ఐఆర్ఎస్ చెయ్యి వేసింది. దక్షిణ కరోలినాలోని బాబ్ జోన్స్ విశ్వవిద్యాలయానికి 1976లో మినహాయింపు పోయింది, 1983లో సుప్రీంకోర్టు అది సబబే అంది. అంటే మహాశయా, ఈ మహోద్యమానికి ప్రాణం మీ సెక్షన్‌లోనే, మీకు నాలుగు మాటల అవతలే ఉంది.

1980 ఆగస్టులో డల్లాస్‌లో వేలమంది పాస్టర్లు, విశ్వాసుల ముందు అధ్యక్ష అభ్యర్థి రేగన్ నిలబడి, 'మీరు నన్ను సమర్థించలేరని నాకు తెలుసు, నేను మాత్రం మిమ్మల్ని సమర్థిస్తున్నాను' అన్నాడు. హాలు దద్దరిల్లింది. మీరు లేకపోతే ఆ వాక్యానికి అందమే లేదు. ఆ రోజు మీరు ఎవరినీ ఆపలేదు, రేగన్‌కు చప్పట్లు సంపాదించిపెట్టారు. ఆదివారం బడిలో పాఠాలు చెప్పే బాప్టిస్టు, అప్పటి అధ్యక్షుడు కార్టర్ మూడు నెలల్లో ఓడిపోయాడు.

2008లో 33 మంది పాస్టర్లు కావాలనే చర్చి ప్రసంగ వేదిక మీదనుంచి అభ్యర్థుల గురించి మాట్లాడి, ఆ ప్రసంగాలను ఐఆర్ఎస్‌కు పంపారు. రండి, మమ్మల్ని శిక్షించండి అని. తర్వాతి ఏళ్లలో ఆ సంఖ్య వెయ్యి దాటింది. మీరు రాలేదు. విశ్వాసం కోసం సింహాలకు బలయ్యే హతసాక్షులు కావాలని బారులు తీరితే సింహమే సెలవు పెట్టింది.

2017 ఫిబ్రవరిలో జాతీయ ప్రార్థనా అల్పాహార సభలో ట్రంప్ మిమ్మల్ని సమూలంగా నాశనం చేస్తానన్నాడు. మేలో ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు, మీలో ఒక్క అక్షరమూ కదల్లేదు. 2025 జూలైలో తన మీద నడుస్తున్న దావాలో ఐఆర్ఎస్సే టెక్సాస్ కోర్టు ముందు, ఆరాధనలో పాస్టర్ తన సంఘంతో అభ్యర్థుల గురించి మాట్లాడితే అది కుటుంబంలో మాట్లాడుకున్నట్టేనని, మీ పరిధిలోకి రాదని చెప్పింది. కుటుంబమట! కొన్ని చర్చిల్లో ఆ కుటుంబం ఇరవై వేలమంది, పార్కింగ్ చూడ్డానికి పోలీసులు.

కుటుంబం కబుర్లాడుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. కానుకల పళ్లెం సంగతే నన్ను నిద్రపోనివ్వడం లేదు. అభ్యర్థికి నేరుగా ఇచ్చే డబ్బుకు పన్ను రాయితీ లేదు, ఇచ్చినవాడి పేరు లెక్కల్లో కనిపిస్తుంది. చర్చికి ఇస్తే రాయితీ ఉంది, పైగా మిగతా ధర్మసంస్థల్లా చర్చి ఏటా లెక్కల పత్రం దాఖలు చేయనక్కర్లేదు. మీరు పూర్తిగా కన్నుమూశాక తెలివైన డబ్బు ఏ దారి పడుతుందో చెప్పడానికి ప్రవక్తలు అవసరం లేదు.

మీరు నిజంగా చేసిన పని ఒకటుంది, అది ఏ ఐఆర్ఎస్ ఫైల్లోనూ లేదు. 2017లో నాలుగు వేలమందికి పైగా మతాచార్యులు మిమ్మల్ని ముట్టుకోవద్దని కాంగ్రెస్‌కు రాశారు. వాళ్లకు మీరెందుకు కావాలి? ఆరాధన ముగిశాక, చర్చి పైకప్పుకు డబ్బిచ్చిన పెద్దమనిషి గుమ్మం దగ్గర పాస్టర్ భుజం మీద చెయ్యి వేసి, వచ్చే ఆదివారం మన అభ్యర్థి గురించి రెండు మాటలు చెప్పండి అంటాడు. ఇన్నాళ్లూ పాస్టర్ చేతులు చాచి, నాకూ చెప్పాలనే ఉందండీ, చట్టం ఒప్పుకోదు అనేవాడు. పెద్దమనిషి ప్రభుత్వాన్ని తిట్టుకుంటూ వెళ్లేవాడు. పైకప్పూ నిలిచేది, ప్రసంగమూ నిలిచేది.

ఇక ముందు ఆ పాస్టర్ ఏం చెప్పాలో మీకేమైనా తోస్తే ఒక ముక్క రాయండి.

ఇట్లు,
ఏటా ఏప్రిల్ 15లోపు లెక్కలు పంపే, ఏ మినహాయింపూ లేని ఒకడు