ఆ ‘నేను’ ఎవరు రాశారు?

‘నాకు పాటలంటే ఇష్టం. పొద్దున్నే లేవడం నచ్చదు. తొందర పెడితే కంగారు పడతాను.’

వికలాంగులకు సేవలందించే సంస్థల్లో ఫైలు తెరిస్తే మొదటి పేజీ తరచూ ఇలాగే ఉంటుంది. చదివితే ముచ్చటేస్తుంది. కానీ ఆ ఫైలు ఎవరిదో ఆమెకు మాటలు రావు. ‘నేను’ అని ఆమె ఎప్పుడూ అనలేదు. రేపు తనిఖీ అనగా డ్యూటీలో ఉన్న ఉద్యోగి కూర్చుని టైపు చేసిన ‘నేను’ అది. పైగా పొద్దున్నే లేవడం నచ్చదని రాసి ఉన్న ఆ మనిషినే ఆరున్నరకల్లా లేపి స్నానం చేయిస్తారు. ఎందుకంటే ఏడున్నరకు నైట్ షిఫ్ట్ వాళ్లు దిగిపోతారు, ఆ తర్వాత ఒక్కరే ఉంటారు, ఆమెను మంచం దించాలంటే ఇద్దరు కావాలి. ఫైలు ఆమెదే, టైమ్‌టేబుల్ మాత్రం షిఫ్టులది.

సేవలు సంస్థ వీలును బట్టి కాక, అందుకునే మనిషి ఇష్టాలను బట్టి ఉండాలనే పద్ధతికి ‘వ్యక్తి కేంద్రిత ప్రణాళిక’ అని పేరు. దాని మీద చర్చంతా ఈ ఫైలు ఎలా రాయాలన్న దాని చుట్టూనే తిరుగుతోంది. ఎన్ని పేజీలుండాలి, బొమ్మలు పెట్టాలా, ఎన్నాళ్లకోసారి సమీక్షించాలి. ఇదంతా కాలయాపన. ఆమె కోసం ఒక్క షిఫ్టు వేళ కూడా మారనప్పుడు ఫైలు ఎంత అందంగా ఉంటే ఏం లాభం?

మొదలుపెట్టినవాళ్ల ఉద్దేశం ఇది కాదు. పెద్ద పెద్ద సంస్థల్లో ఏళ్ల తరబడి మగ్గిన మనుషులు బయటి బతుక్కి వస్తున్న రోజుల్లో, 1980ల ప్రాంతంలో, ఉత్తర అమెరికాలో జాన్ ఓబ్రియన్, బెత్ మౌంట్, మైఖేల్ స్మల్ లాంటివాళ్లు ఈ పద్ధతులకు రూపమిచ్చారు. స్మల్ చెప్పిన తేడా ఇప్పటికీ పనికొస్తుంది: ఒక మనిషికి ముఖ్యమైనది వేరు, ఆ మనిషి క్షేమం కోసం ముఖ్యమని మిగతావాళ్లు అనుకునేది వేరు. రెండోదాన్ని మొదటిదాని ఖాతాలో రాసేయడమే ఇవాళ్టి జబ్బు. 2001లో ఇంగ్లండ్ ప్రభుత్వం ఈ ప్రణాళికను తన విధానంగా ప్రకటించింది. మూడేళ్లు తిరిగేసరికే జిమ్ మాన్సెల్, జూలీ బీడిల్ బ్రౌన్ అనే పరిశోధకులు ప్రణాళిక రాయడం వేరు, ఆచరణ వేరని హెచ్చరించారు. అంతకుముందు వచ్చిన వ్యక్తిగత ప్రణాళికలు చాలావరకు కాగితాల మీదే ఉండిపోయాయని గుర్తుచేశారు. ఎవరు విన్నారు?

ఒక రివ్యూ మీటింగ్ ఊహించుకోండి. ఏడు కుర్చీలు, ఒక వీల్‌చైర్. మన భాషలో ‘మనం’ ఉంది, ‘మేము’ ఉంది. ఎదుటి మనిషిని కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. ఆ గదిలో చెవి ఒగ్గి వినండి. ‘మనం మందులు సరిగ్గా వేసుకుంటున్నామా?’ అని ఆమెను గారంగా అడుగుతారు. మందు వేసుకునేది ఆమె ఒక్కతే, అయినా మనం. కాసేపటికి ఆమె గది మార్చే విషయం వస్తుంది. ‘మేము ఆలోచించి చెబుతాం’ అంటారు. ఆమె లేని ఆ ‘మేము’ దగ్గరే తాళాలుంటాయి.

ఆ తాళాల్లో అసలుది డబ్బు. స్వీడన్‌లో 1994 నుంచి అమల్లో ఉన్న చట్టం, ఎక్కువ సాయం అవసరమైన వికలాంగులకు వ్యక్తిగత సహాయకుల హక్కు ఇచ్చింది. ఆ సహాయకులను మనిషి తానే నియమించుకోవచ్చు, నచ్చిన ఏజెన్సీ నుంచీ తీసుకోవచ్చు. ఇంగ్లండ్‌లోనూ సేవకు బదులు నేరుగా డబ్బే ఇచ్చేందుకు 1996 చట్టం దారి తెరిచింది. ఇందులో నాకు నచ్చేది ఎంచుకునే హక్కు కంటే వద్దనే హక్కు. ‘రేపటి నుంచి మీరు రావద్దు’ అని ఆమె తరఫున ఒక్కసారి కబురు వెళ్తే చాలు, ఆరున్నర స్నానం తొమ్మిదింటికి ఎలా జరుగుతుందో చూడండి. ఇన్నాళ్లూ కుదరదన్న షిఫ్టు ఇట్టే కుదురుతుంది.

మాటలే రానివాళ్లు డబ్బు సంగతి ఏం చూసుకుంటారు, మోసపోతే ఎవరిది పూచీ అంటారు. కన్నవాళ్ల భయాన్ని కొట్టిపారేయలేను. మోసాలు జరుగుతాయి కూడా. అయితే లెక్కలు చూడటానికి నమ్మకస్తులను తోడు పెట్టవచ్చు, ఇష్టాయిష్టాలు తెలుసుకోవడానికి మాటలే అక్కర్లేదు. ఒక సహాయకురాలు గదిలోకి వస్తే చెయ్యి చాపి, ఇంకొకామె వస్తే గోడవైపు తిరిగిపోయే మనిషి ఏం చెబుతోందో ఎవరికి అర్థం కాదు? ఇక దెబ్బలు, వేధింపులు తలుపులు మూసిన సంస్థల్లోనూ జరిగాయి కదా!

నిజానికి ఇది వికలాంగుల గొడవ మాత్రమే కాదు. తప్పు చేసే హక్కు ఎవరికుందన్నదే అసలు తగాదా. రిస్క్‌లోనూ మనిషి గౌరవం ఉందని 1972లోనే అమెరికా రచయిత రాబర్ట్ పెర్‌స్కీ రాశారు. మిగతా మనమంతా చెడ్డ అప్పులు చేస్తాం, సరిపడని పెళ్లిళ్లు చేసుకుంటాం, డాక్టరు వద్దన్నది తింటాం. ఎవరూ మన మీద ఫైలు తెరవరు. ఆమె ఒక పూట అన్నం వద్దంటే మాత్రం ‘ప్రవర్తనలో మార్పు’ అని రాస్తారు.

వికలాంగుల హక్కుల మీద 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం 12వ అధికరణం ఈ వివక్షనే ప్రశ్నించింది: చట్టం ముందు వికలాంగులూ అందరిలాంటి మనుషులే, కావాల్సింది నిర్ణయం తీసుకోవడానికి అండ. పెరూ 2018లో తన చట్టాలను ఆ దారిలోకి మార్చింది. చాలా దేశాలు మాత్రం ఒప్పందం మీద సంతకం చేసి, ఆ మనిషి తరఫున మరొకరే నిర్ణయాలు తీసుకునే గార్డియన్ చట్టాలను అలాగే ఉంచుకున్నాయి.

సంతకం అంటే గుర్తొచ్చింది. ఆ ఫైలు చివరి పేజీలో ఆమె సంతకానికి ఒక గడి ఉంటుంది. పూర్తి గార్డియన్‌షిప్ కింద ఉన్న మనిషి సంతకం బ్యాంకులో చెల్లదు, ఇంటి అద్దె ఒప్పందం మీద చెల్లదు. ఇక్కడ మాత్రం అది లేకపోతే తనిఖీకి వచ్చినవాళ్లు ఊరుకోరట.