శ్రీమంతుల అప్పచెల్లెళ్లకు జరుగుతున్న అన్యాయం

మారువేషాల హాస్యచిత్రాల గురించి ఇంతవరకు సాగిన చర్చంతా వేషం కట్టిన మగవాళ్ల ప్రతిభ చుట్టూనే తిరిగింది గాని, ఎవరి వేషం కట్టారో ఆ శ్రీమంతుల ఇంటి ఆడపడుచుల గోడు పట్టించుకున్న నాథుడు లేడు. 2004లో వచ్చిన ‘వైట్ చిక్స్’ అనే అమెరికా చిత్రాన్నే తీసుకుందాం. విల్సన్ వారి అమ్మాయిలు బ్రిటనీ, టిఫనీలను ఎవరో ఎత్తుకుపోతారన్న అనుమానంతో ఎఫ్‌బీఐ వారు ఇద్దరు ఏజెంట్లను తోడు పంపుతారు. దారిలో చిన్న కారు ప్రమాదం జరిగి, అమ్మాయిల ముఖాల మీద గోటి గాట్లంత గీతలు పడతాయి. ఆ గీతలతో నలుగురి కంట పడడం కన్నా గదిలో కూర్చోవడమే మేలని వారు హోటల్లో ఉండిపోగా, నల్లజాతివారైన ఆ ఏజెంట్లిద్దరూ తెల్లటి ముఖాలు, పసుపు జుట్టు తగిలించుకుని, న్యూయార్క్ ధనికులు వేసవి విడిదికి వెళ్లే హ్యాంప్టన్స్‌కు అమ్మాయిల పేర్లతోనే బయలుదేరతారు. దర్శకుడు కీనెన్ ఐవరీ వేయన్స్; వేషగాళ్లు ఆయన తమ్ముళ్లు షాన్, మార్లన్. సొంత పేర్లు అరువిచ్చిన పాపానికి అసలు అప్పచెల్లెళ్లు సినిమాలో చాలా భాగం కనబడనే కనబడరు.

ఆరడుగుల మగవాళ్లు భుజాలు విరుచుకుని ఎదురుగా నిలబడితే ప్రాణస్నేహితురాళ్లు కూడా పోల్చుకోలేకపోవడం ఏమిటని విమర్శకులు నవ్వారు. ఈ వ్యాసకర్త దృష్టిలో మాత్రం ఆ చిత్రంలో వాస్తవికత ఎక్కడైనా ఉంటే అక్కడే ఉంది. డబ్బున్నవారి ముఖం వంక ఎవరు చూస్తారు? కారు చూస్తారు, సంచీ చూస్తారు, కాలిజోడు చూస్తారు, ఆ తరువాత తీరిక మిగిలితే కళ్లెత్తుతారు. 1959లో బిల్లీ వైల్డర్ తీసిన ‘సమ్ లైక్ ఇట్ హాట్’ ఇందుకు మరింత గట్టి సాక్ష్యం. రౌడీల నుంచి పారిపోయి ఆడవాళ్ల బ్యాండులో చేరిన వాద్యగాళ్లలో ఒకడు, టోనీ కర్టిస్ వేసిన పాత్ర, రెండు వేషాలు కడతాడు. ఆడదానిగా కనబడడానికి విగ్గు, లిప్‌స్టిక్కు, ఎత్తుమడమల జోళ్లు, గొంతు మార్పు, నడక సాధన అన్నీ కావలసి వచ్చాయి. చమురు కంపెనీ వారసుడిగా కనబడడానికి ఒక టోపీ, ఒక కళ్లజోడు, ఇంకొకరి ఓడ సరిపోయాయి.

అయితే ఈ విద్యను మనకు అమెరికా వారు నేర్పనవసరం లేదు. రోజుకు ఎనిమిది బారువుల బంగారం ఈనే శమంతకమణి గల సత్రాజిత్తు కూతురు సత్యభామ కన్నా గొప్పింటి అమ్మాయిని ఏ హ్యాంప్టన్స్‌లో చూపించగలరు? ఆమె వేషాన్ని తరతరాలుగా మన తీరంలో కట్టింది మగవాళ్లే. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు, రంగస్థలం మీద 1956లో పద్మశ్రీ అందుకున్న స్థానం నరసింహారావు గారు ఆ పాత్రలో కనబడితే ఆడవాళ్లు వారి నడక చూసి నేర్చుకున్నారని చెప్పుకునేవారు. భామాకలాపంలో సత్యభామ తెరమీదుగా జడ వేసి ‘నన్ను గెలిచేవారెవరు’ అని సవాలు విసిరే ఆచారమే ఉండేది. ఆ సవాలు ఈనాడు ఏ ఏజెంటైనా మన డెల్టాలో విసిరితే ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న. (సినిమా వారు దీనికి ఎదురు దారి పట్టారు. 1962 నాటి ‘గుండమ్మ కథ’లో డబ్బున్న అబ్బాయిలు పేదవాళ్ల వేషం కట్టి అత్తవారింటి అమ్మాయి పొగరు దించారు. పొగరు దించడానికి ఎప్పుడూ అమ్మాయే దొరకడం వేరే వ్యాసానికి వస్తువు.)

భీమవరంలో ఒక రొయ్యల చెరువుల ఆసామి కుమార్తెలిద్దరికీ ఇలాంటి ఆపద వచ్చిందనీ, వారి బదులు ఇద్దరు పోలీసు అధికారులు కంచిపట్టు చీరలు కట్టుకుని ఒక పెళ్లికి వచ్చారనీ అనుకుందాం. కల్యాణమండపం గుమ్మంలో పన్నీరు చిలకరించే పిల్లలను దాటడం తేలికే. ఆ వెనుక మొదటి వరుసలో కూర్చున్న పెద్దమ్మగారిని దాటాలి. ఆవిడ ‘రామ్మా, ఎవరమ్మాయివమ్మా నువ్వు?’ అని మొదలుపెడుతుంది. దానికి పేరు చెప్పి తప్పించుకోవడం కుదరదు. అమ్మమ్మగారి ఊరు ఆకివీడా, ఉండా. మేనమామ ఎవరి అల్లుడు. ఆ అల్లుడి తోడల్లుడికీ పాలకొల్లు వారికీ మాటలున్నాయా లేవా. ఇన్నిటికీ ‘ఆయ్’ అంటూ తడబడకుండా బదులు చెప్పాలి. హ్యాంప్టన్స్‌కు వెళ్లినవారిని ఒక్కరైనా మేనమామ ఊరు అడిగారా? అందుకే ఆ ఏజెంట్లు బతికి బట్టకట్టారు.

ఈ గండం కూడా దాటారనుకుందాం. ఆ తరువాత పేరంటాళ్లకు పసుపు రాస్తారు. గిన్నె పట్టుకుని వంగిన పిల్ల చీర కుచ్చెళ్లు బెత్తెడు పైకి జరుపుతుంది; పన్నెండో నంబరు పాదం, దాని పైన పిక్కల మీద వెంట్రుకలు బయటపడతాయి. ఆ పిల్ల మర్యాదస్తురాలు గనుక పసుపు రాసి లేచిపోతుంది. గంధం గిన్నె మాత్రం పెద్దమ్మగారి చేతిలోనే ఉంటుంది. ఆవిడ రెండు వేళ్లతో గంధం తీసి గొంతు మీద రాసినప్పుడు, ఆడవాళ్ల గొంతులో తగలకూడని ఎముక ఒకటి ఆ వేళ్లకు తగులుతుంది. అంతర్జాతీయ విమానాశ్రయాలలోనూ లేని తనిఖీ ఇది.

ఇక్కడ గగ్గోలు పుడుతుందని పాఠకులు ఆశిస్తారు. ఈ వ్యాసకర్తకు ఆ ఆశ లేదు. గంధం రాసిన వేళ్లు అక్కడ ఆగవు. మెడ మీదుగా కిందకు జారి మామిడిపిందెల హారాన్ని ఒకసారి ఎత్తి, తూకం చూసి వదులుతాయి. ఎరువు సొమ్ము బరువుచేటన్న సామెత ప్రభుత్వ శాఖలకు వర్తించదు. అసలు బంగారం కొంటే ఆడిటు అభ్యంతరం వస్తుంది కనుక, అధికారుల మెడలో ఉన్నది తప్పకుండా చిలకలపూడి సరుకే అయి ఉంటుంది. పట్టుచీరలో మగవాడు ఉన్నాడన్న సంగతిని పెద్దమ్మగారు కడుపులో దాచుకోగలదు. అబ్బాయి కంఠం, అమ్మాయి పేరు, ఏదో మొక్కై ఉంటుందని సరిపెట్టుకోగలదు. ఆసామి కూతురి మెడలో గిల్టు హారం ఉందన్న సంగతిని మాత్రం పక్క కుర్చీకి చెప్పకుండా ఉండడం ఆవిడ తరం కాదు.

రెండో బంతి లేచేసరికి నిర్ణయం జరిగిపోతుంది. చెరువుల్లో రొయ్యలకు తెల్లమచ్చ తెగులు తగిలిందనీ, ఆసామి పంటంతా పోయిందనీ, పిల్లల నగలు బ్యాంకులో ఉన్నాయనీ, పెద్దమ్మాయికి వచ్చిన అమెరికా సంబంధం వారికి ఎవరైనా ముందే చెబితే పుణ్యముంటుందనీ నాలుగు వరుసల కుర్చీలలో చెప్పుకుంటారు. కుమార్తెలను ఎత్తుకుపోదామని వచ్చిన దొంగలు సైతం ఆ మాట విని, బస్సు ఛార్జీలు దండగైనందుకు విచారిస్తూ, పెరుగన్నం తిని వెళ్లిపోతారు. మర్నాడు తెల్లవారకుండానే ఆసామి గేటు ముందు మేత డీలరు బండి ఆగి ఉంటుంది. దాని వెనుక హేచరీ వారి జీపు, ఆ వెనుక ఐసు ఫ్యాక్టరీ గుమాస్తా సైకిలు, ఎవరి బాకీ చీటీ వారి చేతిలో.